బ్యాలెట్ మీద చిరుత: ఒక ఫార్వర్డ్‌కి జవాబు

అమెరికాలో నల్లవాళ్ల ఉద్యమాల మాట ఎత్తితే చాలు, మన గ్రూపుల్లో ఎవరో ఒకరు ఒక వాదన తెచ్చి పడేస్తారు. ఇంగ్లిష్‌లో ఏళ్లుగా తిరుగుతున్నదే, ఇప్పుడు తెలుగులోకీ దిగింది. దాని సారం ఇది: మార్టిన్ లూథర్ కింగ్ శాంతంగా అడిగాడు కాబట్టి దేశమంతా ఆయన వెంట నడిచింది. తర్వాత బ్లాక్ పాంథర్లు, అంటే 'నల్ల చిరుతలు' అనే పార్టీవాళ్లు, వచ్చి అంతా చెడగొట్టారు. తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగిన 'కు క్లక్స్ క్లాన్' ముఠా లాంటిదే నల్లవాళ్లలో వీళ్లు. నల్ల చిరుత బొమ్మా, బిగించిన పిడికిలీ తెల్లవాళ్ల మీద ద్వేషానికి గుర్తులు. ఇవాళ్టి బ్లాక్ లైవ్స్ మ్యాటర్ కూడా ఆ తానులో ముక్కే.

ఇందులో నిజం బొత్తిగా లేదనను. ఉన్న కాస్తా ఎక్కడుందో కూడా చెబుతాను. ముందు చిరుత సంగతి.

"చిరుత బొమ్మ పుట్టిందే తెల్లవాళ్లను బెదిరించడానికి"

ఆ బొమ్మ పుట్టింది ఎన్నికల గుర్తుగా. అలబామాలో సెల్మాకీ మాంట్‌గోమరీకీ మధ్య లౌండ్స్ అనే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది, పత్తి పండే నేల. అక్కడి జనంలో ఐదింట నాలుగు వంతులు నల్లవాళ్లే. అయినా 1965 మొదట్లో ఓటర్ల జాబితాలో వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. నల్లవాళ్ల హక్కుల ఉద్యమంలో యువ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్, ఆయన విద్యార్థి సంఘం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించడం మొదలుపెట్టారు. పేరు రాయించుకున్న కౌలు కుటుంబాల చేత భూస్వాములు ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ కుటుంబాలు 80వ నంబరు హైవే పక్కన గుడారాలు వేసుకుని బతికాయి. సాయానికి వచ్చిన జొనాథన్ డేనియల్స్ అనే తెల్ల మతవిద్యార్థిని 1965 ఆగస్టులో హేన్‌విల్ ఊళ్లో పట్టపగలు కాల్చి చంపారు. కాల్చినవాణ్ణి తెల్లవాళ్లతోనే నిండిన జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది.

సరే, నల్లవాళ్ల ఓటుకు పెట్టిన అడ్డంకులు తీసేసే ఓటు హక్కు చట్టం వచ్చింది, పేర్లెక్కాయి. ఓటు ఎవరికి వెయ్యాలి? అలబామా డెమొక్రాటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు. ఆ పుంజు చుట్టూ 'తెల్లజాతి ఆధిపత్యం' అని అచ్చేసి ఉండేది. రహస్య కరపత్రం మీద కాదండోయ్, పార్టీ అధికారిక గుర్తు మీద. ఆ మాటను 1966 జనవరిలో గానీ తీసెయ్యలేదు.

దాంతో లౌండ్స్ నల్లవాళ్లు సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువు రానివాళ్లు కూడా ఓటెయ్యగలిగేలా ప్రతి పార్టీకీ ఒక బొమ్మ ఉండాలి. సైకిలు, ఫ్యాను, కారు, హస్తం చూసి ఓటేసే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్లు చిరుతను ఎంచుకున్నారు. గీయడానికి అట్లాంటాలోని ఒక నల్లవాళ్ల కాలేజీ ఆటల జట్టు బొమ్మను నమూనాగా తీసుకున్నారు. చిరుతే ఎందుకంటే, వాళ్ల నాయకుడు జాన్ హ్యూలెట్ చెప్పిన కారణం ఇది: దాన్ని తరిమితే వెనక్కి తగ్గుతుంది, మూలకు నెట్టేస్తే మాత్రం ప్రాణాలకు తెగించి తిరగబడుతుంది.

పత్రికలవాళ్లు ఆ పార్టీ అసలు పేరు వదిలేసి 'బ్లాక్ పాంథర్ పార్టీ' అని రాయడం మొదలెట్టారు. కార్మైకేల్ అప్పుడే చురక వేశాడు: మమ్మల్ని బొమ్మ పేరుతో పిలుస్తున్నారు, మరి అలబామా డెమొక్రాట్లను 'తెల్ల పుంజు పార్టీ' అని ఒక్కరూ అనరేం? ఈ ఫార్వర్డ్ మొత్తానికి నా జవాబు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఆధిపత్యం అని అచ్చంగా రాసుకున్న పుంజు ఎవరికీ భయంకరంగా కనిపించలేదు. ఓటడిగిన చిరుత కనిపించింది. 1966 నవంబరులో చిరుత అభ్యర్థులు అందరూ ఓడిపోయారు. 1970లో హ్యూలెట్ అదే కౌంటీకి పోలీసు అధిపతిగా, అంటే షెరీఫ్‌గా గెలిచాడు.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ 1966 అక్టోబరులో పెట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ (ఫార్వర్డ్ తిట్టేది వీళ్లనే) ఈ బొమ్మను లౌండ్స్ నుంచే తీసుకుంది. అక్కణ్ణుంచి అది మన దేశానికీ వచ్చింది. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ వంటి యువకులు దళిత పాంథర్స్ పెట్టినప్పుడు చిరుతలో వాళ్లకు కనిపించింది లౌండ్స్‌వాళ్లకు కనిపించిందే.

"పాంథర్లు నల్లవాళ్ల కు క్లక్స్ క్లాన్"

వాదనలో కాస్త నిజం ఉందన్నది ఇక్కడే. పాంథర్లు తుపాకులు పట్టారు. కింగ్ హత్య జరిగిన రెండు రోజులకు, 1968 ఏప్రిల్ 6న, పాంథర్ నాయకుడు ఎల్డ్రిడ్జ్ క్లీవర్ బృందం ఓక్లాండ్ పోలీసుల మీద దాడికి దిగింది. మొదలుపెట్టింది తామేనని క్లీవరే తర్వాత ఒప్పుకున్నాడు. 1969లో న్యూ హేవెన్‌లో అలెక్స్ రాక్లీ అనే సొంత సభ్యుణ్ణి, ఇన్ఫార్మర్ అన్న అనుమానంతో, చిత్రహింస పెట్టి చంపారు. న్యూటన్ చివరి ఏళ్లు మత్తుమందులతో, నేరాలతో గడిచాయి. ఇవి దాచి పాంథర్లను దేవుళ్లను చేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

కానీ క్లాన్‌తో పోలికా? క్లాన్ పనే తెల్లవాళ్లు కానివాళ్లను భయపెట్టి అణచిపెట్టడం. 1963 సెప్టెంబరులో క్లాన్ మనుషులు బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పెడితే నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. 1964లో మిసిసిపీలో ముగ్గురు కార్యకర్తలను చంపిన కుట్రలో డిప్యూటీ షెరీఫే ఉన్నాడు. పాంథర్లకు అలాంటి షెరీఫులు లేరు, పోలీసు వ్యవస్థంతా వాళ్ల వెంట పడింది. ఇక తుపాకుల విషయం: అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం నిండిన తుపాకీ బహిరంగంగా పట్టుకుని తిరగడం నేరం కాదు. పాంథర్లు చట్టం పుస్తకం ఒక చేత్తో, తుపాకీ ఒక చేత్తో పట్టుకుని పోలీసు కార్ల వెనక తిరిగేవాళ్లు. ఆ చట్టాన్ని 1967లో మార్చి ఆంక్ష పెట్టిన గవర్నరు ఎవరనుకున్నారు? తర్వాత దేశాధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్.

తెల్లవాళ్ల మీద ద్వేషమే వాళ్ల సిద్ధాంతమైతే షికాగో కథ అర్థం కాదు. 1969లో అక్కడి పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హ్యాంప్టన్‌కి 20, 21 ఏళ్లు. అతను ప్యూర్టోరికన్ల 'యంగ్ లార్డ్స్'తో, 'యంగ్ పేట్రియట్స్'తో పొత్తు కట్టాడు. ఈ పేట్రియట్స్ ఎవరంటే, దక్షిణాది కొండ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తెల్ల పేదలు. వాళ్ల జాకెట్ల మీద కాన్ఫెడరేట్ జెండా ఉండేది, బానిసత్వం కోసం యుద్ధం చేసిన పక్షం జెండా! ఆ జాకెట్లూ పాంథర్ల నల్ల టోపీలూ ఒకే వేదిక మీద కూర్చుని అద్దె ఇళ్ల గురించీ పోలీసుల గురించీ మాట్లాడుకున్నాయి. క్లాన్ సభలో ఇలాంటి దృశ్యం ఊహించండి చూద్దాం.

1969 డిసెంబరు 4 తెల్లవారుజామున హ్యాంప్టన్‌ను అతని ఇంట్లోనే పోలీసులు చంపారు. మార్క్ క్లార్క్ అనే మరో పాంథరూ చనిపోయాడు. పోలీసులు 80కి పైగా తూటాలు పేల్చారనీ, పాంథర్ల వైపు నుంచి ఒక్కటే పేలిందనీ ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ తేల్చింది. ఆ ఇంటి ప్లాను అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి గీసిచ్చింది పార్టీలో చేరిన వాళ్ల ఇన్ఫార్మరే.

పాంథర్లంటే జనానికి కలిగిన భయంలో కొంత వాళ్ల చేతలు తెచ్చిందే. ఇంకొంత పనిగట్టుకుని తయారుచేసింది. 1969 జనవరిలో ఓక్లాండ్‌లోని ఒక చర్చిలో పాంథర్లు బడిపిల్లలకు ఉచితంగా పొద్దున్నే టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు, తర్వాత అది చాలా నగరాలకు పాకింది. తుపాకుల కంటే ఈ టిఫినే ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గర్ హూవర్‌ను ఎక్కువ కలవరపెట్టింది. పార్టీని దెబ్బతీసే తమ ప్రయత్నాలకు అదే పెద్ద అడ్డంకి కాగలదని అదే ఏడాది మేలో తన అధికారులకు రాశాడు. పోలీసులను పందులుగా గీసి, పిల్లలు వాళ్లను చంపుతున్నట్టు చూపే రంగులద్దే పుస్తకం ఒకటుంది, పార్టీ నాయకత్వం వద్దన్నది. దాన్నే పాంథర్లు పిల్లలకు పంచుతున్నట్టుగా, టిఫిన్‌కు సరుకులిస్తున్న కంపెనీలకు ఎఫ్‌బీఐ పోస్టులో పంపింది. ఇది నేను అల్లింది కాదు, 1975-76లో అమెరికా సెనేట్ కమిటీ విచారణలో బయటపడింది.

"పిడికిలి పాంథర్ల సెల్యూట్, ఒలింపిక్స్‌లో కూడా అదే చూపించారు"

పిడికిలి పాంథర్ల కంటే పాతది. 1920ల జర్మన్ కమ్యూనిస్టులు ఎత్తారు, 1936లో స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికన్లు ఎత్తారు. ఎర్రజెండా సభల్లో లాల్ సలాం చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతా? 1990లో నెల్సన్ మండేలా జైలు గేటు దాటి బయటికొస్తూ ఎత్తిందీ అదే.

1968 అక్టోబరు 16న మెక్సికో నగరంలో 200 మీటర్ల పతకాలు అందుకున్న టామీ స్మిత్, జాన్ కార్లోస్ పాంథర్లు కారు. వాళ్లది హ్యారీ ఎడ్వర్డ్స్ అనే సోషియాలజీ అధ్యాపకుడు నడిపిన మానవ హక్కుల క్రీడాకారుల వేదిక. బూట్లు విప్పి నల్ల సాక్సులతో నిలబడ్డారు, అది నల్లవాళ్ల పేదరికానికి గుర్తు. గ్లౌజులు ఒక్క జతే ఉండటంతో స్మిత్ కుడి చేయి, కార్లోస్ ఎడమ చేయి ఎత్తారు. రెండో స్థానంలో నిలబడ్డ తెల్ల ఆస్ట్రేలియన్ పీటర్ నార్మన్ ఛాతీ మీదా అదే వేదిక బ్యాడ్జి ఉంది. 2006లో నార్మన్ చనిపోతే శవపేటిక మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. ద్వేషానికి గుర్తు అనేవాళ్లు ఆ ఫొటోలో మూడో మనిషిని కూడా చూడాలి.

"కింగ్ శాంతంగా అడిగాడు, దేశం నెత్తిన పెట్టుకుంది"

ఇది పచ్చి అబద్ధం. 1961లో జాతి వివక్షను ధిక్కరిస్తూ బస్సుల్లో బయల్దేరిన ఫ్రీడమ్ రైడర్లు దెబ్బలు తిన్నారే తప్ప చెయ్యెత్తలేదు. ఆ పని తప్పని గాలప్ సర్వేలో 61 శాతం అన్నారు. 1966లో కింగ్ మీద సదభిప్రాయం లేదన్నవాళ్లు 63 శాతం. అంటే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ఎఫ్‌బీఐ ఆయన ఫోన్లు విన్నది, 1964లో ఆత్మహత్య చేసుకొమ్మని సూచించే ఆకాశరామన్న ఉత్తరం పంపింది. ఆయన పేరిట సెలవును 1990లో అరిజోనా ఓటర్లు తిరస్కరించారు కూడా. 2011 నాటికి అదే గాలప్‌లో ఆయనంటే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు 94 శాతానికి చేరారు. చనిపోయాక మంచివాడయ్యాడు. ఇప్పుడు ఆ మంచివాణ్ణి చూపించి మిగతావాళ్లకు బుద్ధులు చెబుతున్నారు.

అమెరికాలో ఉండి ఇది పంపేవాళ్లకు ఒక మాట. 1965కు ముందు భారతదేశానికి ఏడాదికి 100 వీసాల కోటా ఉండేది. జాతుల లెక్కన కోటాలు ఎత్తేసిన చట్టం ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు. ఆ గాలి తెచ్చింది ఎవరి ఉద్యమమో ఒకసారి గుర్తు చేసుకోండి.

"ఇవాళ్టివన్నీ అదే తాను ముక్కలు"

బ్లాక్ లైవ్స్ మ్యాటర్ 2013లో, నల్ల కుర్రాడు ట్రేవాన్ మార్టిన్‌ను కాల్చిన వ్యక్తి నిర్దోషిగా బయటపడ్డాక, ముగ్గురు ఆడవాళ్లు మొదలుపెట్టిన నినాదం. దాని పేరుతో వచ్చిన విరాళాలు ఖర్చుపెట్టిన తీరు మీద వచ్చిన విమర్శలు న్యాయమైనవే. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లవ్యక్తిని పోలీసు చంపాక జరిగిన నిరసనల్లో కొన్నిచోట్ల దుకాణాలు తగలబడ్డాయి, అదీ నిజమే. అయితే ఆ వేసవి నిరసనల్లో నూటికి తొంభైకి పైగా ప్రశాంతంగానే జరిగాయి. టీవీల్లో మనం చూసింది మిగతావి. 2020 జూన్‌లో ప్యూ సర్వేలో తెల్లవాళ్లలో 60 శాతం ఈ ఉద్యమాన్ని సమర్థించారు. 2023కి అది 42కి పడిపోయింది, నల్లవాళ్లలో మాత్రం 81 దగ్గరుంది. పిడికిలి అదే, నినాదం అదే.

చివరగా, ఈ ఫార్వర్డ్‌తో పాటు తిరిగే ఫొటో. పోలింగ్ కేంద్రం ముందు నల్ల యూనిఫారంలో ఇద్దరు, ఒకడి చేతిలో లాఠీ. అది 2008 నవంబరు, ఫిలడెల్ఫియా. వాళ్లు 1989లో డాలస్‌లో పుట్టిన 'న్యూ బ్లాక్ పాంథర్ పార్టీ' మనుషులు. ఆ పార్టీ యూదుల మీద, తెల్లవాళ్ల మీద విషం కక్కుతుందన్నది నిజం. మా పేరూ మా బొమ్మా వాడుకుంటున్నారు, వాళ్లతో మాకు సంబంధం లేదని న్యూటన్ పేరిట ఉన్న ఫౌండేషనే ప్రకటించింది. బాబీ సీల్ కూడా బాహాటంగా దుయ్యబట్టాడు. వాదన మార్చుకోవడం కష్టమనుకుంటే, కనీసం ఆ ఫొటో తీసేసి పంపండి.