సవరణ: జో పటెర్నో విజయాలు 298 కాదు, 409
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల నైతికతపై మొన్నటి పోస్టులో పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టు కోచ్ జో పటెర్నోకు 298 విజయాలే మిగిలాయనీ, తీసేసిన గెలుపులు ప్రత్యర్థి జట్లకు దక్కాయనీ రాశాను. రెండూ తప్పే.

పటెర్నో దగ్గర సహాయ కోచ్‌గా పనిచేసిన జెర్రీ శాండస్కీ పిల్లలపై చేసిన లైంగిక అఘాయిత్యాలు బయటపడ్డాక, 2012 జులైలో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 1998 నుంచి 2011 దాకా పెన్ స్టేట్ గెలిచిన 112 మ్యాచ్‌లను రద్దు చేసింది. అందులో పటెర్నోవి 111. అలా 409 కాస్తా 298 అయింది. నేను చూసిన లెక్క అక్కడితో ఆగిపోయింది. 2015 జనవరిలో కోర్టు కేసులో రాజీ కుదిరి అవన్నీ తిరిగొచ్చాయి. ఎన్‌సీఏఏ రికార్డుల్లో ఇప్పుడున్నది 409.

ఇక రెండోది. గెలుపును రద్దు చేస్తే గెలిచిన జట్టు లెక్కలోంచే పోతుంది, ఓడిన జట్టుకు ఓటమి ఓటమిగానే ఉంటుంది. మ్యాచ్‌ను వదులుకున్నట్టు ప్రకటిస్తేనే గెలుపు అవతలివాళ్లకు వెళ్తుంది. పెన్ స్టేట్‌కు పడింది రద్దు మాత్రమే.

అంకె తిరిగొచ్చిందని పటెర్నో తప్పు లేదని తేలినట్టు కాదు. 2001లో ఒక జూనియర్ కోచ్ శాండస్కీ ఒక పిల్లాడితో చేస్తుండగా తను చూసింది వచ్చి చెబితే, ఆయన పైవాళ్లకు చేరవేశారు, పోలీసులకు మాత్రం చెప్పలేదు. మొన్న రాసినదాంట్లో ఆ భాగాన్ని మార్చడం లేదు.