పరువు గురించి ఎత్తిపొడిచిన వాళ్ల సంగతేంటి?

ప్రేమ పెళ్లిళ్లు పరువు హత్యలతో విషాదంగా ముగియడానికి ఫోన్లు, సినిమాలే కారణమని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది నల్గొండ జిల్లా. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో కులాంతర ప్రేమ పెళ్లి చేసుకున్న ప్రణయ్ అనే అబ్బాయిని గర్భిణి అయిన భార్య కళ్ల ముందే నరికేశారు. చంపించింది ఆ భార్య తండ్రేనని పోలీసులు కేసు పెట్టారు. ఆయన 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

ఆ హత్యకు ఆరు నెలల ముందే ఇలాంటి జంటల రక్షణ కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ (విభాగం) పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. మా ఊళ్లో ఆ మాట తెలిసినవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. ఇక పిల్ల వెళ్లిపోయిందని తెలియగానే ఇంటికొచ్చి "తలెత్తుకుని ఎట్లా తిరుగుతవ్" అని తండ్రిని ఎత్తిపొడిచే బంధువులు, కులపోళ్లు ఉంటారు. వాళ్ల మీద ఏ కేసూ ఉండదు.