సవరణ: మైట్రాక్లిప్ వేశాక కూడా మందులు ఆపకూడదు

లీకయ్యే గుండె వాల్వ్‌కు వేసే చిన్న క్లిప్, మైట్రాక్లిప్ గురించిన నా గత పోస్టులో "హార్ట్ ఫెయిల్యూర్ నయమవుతుంది, ఇక మందులు అక్కర్లేదు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. దాన్ని నమ్మి ఎవరూ మాత్రలు ఆపొద్దు, దయచేసి.

క్లిప్ చేసేది ఒకటే పని. గుండె సాగిపోయినప్పుడు మైట్రల్ వాల్వ్ (ఎడమవైపు పై, కింది గదుల మధ్య ఉండే కవాటం) రెక్కలు రెండూ సరిగ్గా మూసుకోవు, రక్తం వెనక్కి లీకవుతుంది. గజ్జల దగ్గర సిరలోంచి గొట్టం పంపి (పోస్టులో 'ధమని' అని పడింది), పై గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, అవతలికి వెళ్లి ఆ రెక్కల అంచులను క్లిప్‌తో కలిపి పట్టిస్తారు. ఛాతీ కోయరు, గుండెను ఆపరు. లీకు తగ్గితే ఆయాసమూ తగ్గుతుంది. కానీ బలహీనపడిన గుండె కండరానికి మందులు కావాల్సిందే.

ఆ పోస్టులో "ఎవరికైనా వేయొచ్చు" అన్నదీ సరికాదు. 2018లో రెండు పరిశోధనలు వచ్చాయి. అమెరికా, కెనడాల్లో 614 మందితో చేసిన కోఆప్ట్‌లో రెండేళ్లలో మరణాలు మందులు మాత్రమే వాడినవారిలో 46.1 శాతం, క్లిప్ కూడా వేసినవారిలో 29.1 శాతం. ఫ్రాన్స్‌లో 304 మందితో చేసిన మిత్రా-ఎఫ్‌ఆర్‌లో ఏడాది చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కోఆప్ట్‌లో ముందు మందులను రోగి తట్టుకోగలిగినంత మోతాదుకు తెచ్చి, అప్పటికీ లీకు, ఆయాసం తగ్గనివారినే తీసుకున్నారు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే.

మీ ఇంట్లో ఎవరికైనా క్లిప్ వేయాలంటే, మందుల మోతాదు ఇంకా పెంచే వీలుందా అని ముందు కార్డియాలజిస్టును అడగండి. టెన్షన్‌లో ఈ ప్రశ్నే మర్చిపోతాం.