షాంపూ ప్యాకెట్టు కొన్నవారూ పన్ను కట్టినవారే

ఏటా బడ్జెట్ రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంది. ‘నూట నలభై కోట్ల మందిలో పన్ను కట్టేది రెండు శాతమే, మిగిలిన తొంభై ఎనిమిది శాతం వాళ్ల కష్టార్జితం మీద బతుకుతున్నారు, జీతంలోంచి పన్ను కట్టేవాడే ఈ దేశంలో అసలైన శ్రమజీవి’ అన్నది దాని సారాంశం. నేనూ నెల జీతం మీద బతికేవాణ్ణే కాబట్టి టీడీఎస్ కోత (జీతం చేతికి రాకముందే పట్టుకునే ఆదాయపు పన్ను) ఎంత బాధిస్తుందో నాకు తెలుసు. కానీ ఆ బాధను అడ్డం పెట్టుకుని కష్టపడి బతికే కోట్లాది మందిని తేరగా తినేవారిగా చిత్రించడం అన్యాయం.

మొదట ఆ రెండు శాతం సంగతి. అంకె నిజానికి దగ్గరగానే ఉంది. ఏటా ఏడు కోట్లకు పైగా రిటర్నులు దాఖలవుతున్నా, వాటిలో అధిక భాగంలో కట్టవలసిన పన్ను సున్నా. అయితే దాన్ని మొత్తం జనాభాతో భాగించడమే తప్పు. ఆ జనాభాలో బడిపిల్లలున్నారు, మంచాన పడిన వృద్ధులున్నారు, పొద్దున లేచింది మొదలు ఇంటి చాకిరీ చేస్తూ పైసా వేతనం అందుకోని స్త్రీలున్నారు. ఈ సందేశం పంపే ఉద్యోగి తల్లీ, పిల్లలూ కూడా ఆయన తిట్టిపోస్తున్న తొంభై ఎనిమిది శాతంలోనే ఉన్నారు.

రెండోది, అన్నిటికన్నా పెద్దది: పన్ను అంటే ఆదాయపు పన్ను ఒక్కటే అన్న భావన. 2025–26 కేంద్ర బడ్జెట్ పత్రాల ప్రకారం ఖజానాకు వచ్చే ప్రతి రూపాయిలో ఆదాయపు పన్ను వాటా 22 పైసలు. అదే రూపాయిలో జీఎస్టీ, తదితర పన్నులు 18 పైసలు, ఎక్సైజ్ 5, కస్టమ్స్ 4. సరుకుల ధరల్లో కలిసిపోయి కొనేవారందరి మీదా పడే ఈ మూడూ కలిస్తే 27 పైసలు. రాష్ట్రాలు తమ వాటాగా తీసుకునే జీఎస్టీ, పెట్రోలు, డీజిలు, మద్యం మీద వేసే వ్యాట్ (అమ్మకపు పన్ను) ఈ లెక్కలో లేనే లేవు.

కిరాణా కొట్టులో వేలాడే షాంపూ ప్యాకెట్టును వెనక్కి తిప్పి చూస్తే ధర పక్కన ‘అన్ని పన్నులు కలిపి’ అని సన్నటి అక్షరాలు కనిపిస్తాయి. 2025 సెప్టెంబరు 22న 5 శాతానికి తగ్గేవరకూ దాని మీద జీఎస్టీ 18 శాతం. ఫోన్ రీచార్జి మీద ఇప్పటికీ 18 శాతమే. 236 రూపాయలు చెల్లిస్తే అందులో 36 రూపాయలు పన్ను. ఈ పన్ను కొనేవారి జీతం ఎంతని అడగదు. నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషి దాదాపు అంతా నెల తిరక్కుండానే ఖర్చు పెట్టేస్తాడు కనుక తన రాబడిలో చాలా భాగం మీద ఈ పన్ను మోస్తాడు. మూడు లక్షలు సంపాదించి సగం దాచుకోగలిగిన వ్యక్తికి ఆ దాచుకున్న సగం మీద జీఎస్టీ పడదు.

‘రైతులు అసలే కట్టరు’ అన్న మాట కూడా పన్నంటే ఆదాయపు పన్నే అన్న భావనలోంచి పుట్టిందే. వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు ఉన్న మాట నిజం, దాని చాటున ఇతర ఆదాయాన్ని దాచుకునే సంపన్నులను పట్టుకోవలసిందే. కానీ ఎరువు మీద 5 శాతం, రసాయన పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ కట్టే చిన్న రైతుకు దాన్ని వెనక్కి రాబట్టుకునే దారి లేదు. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి తాను కొన్న సరుకు మీద కట్టిన పన్నును తాను కట్టవలసినదాంట్లోంచి మినహాయించుకోగలడు.

ఇక శ్రమజీవి ఎవరన్న ప్రశ్న. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఏడాదికి 12.75 లక్షల జీతం వరకు ఆ పన్ను లేదు. అంతకుముందు రోజు దాకా పన్ను కట్టిన ఎందరో ఉద్యోగులు ఆనాటి నుంచి ఆ తొంభై ఎనిమిది శాతంలో చేరిపోయారు, వాళ్లు చేసే పనిలో మాత్రం ఏ మార్పూ లేదు. కాబట్టి పన్ను రసీదును శ్రమకు గీటురాయిగా తీసుకోలేం. నా దృష్టిలో, పని ఆగితే రాబడి ఆగిపోయేవారంతా శ్రమజీవులే. రెక్కాడితే గాని డొక్కాడని తాపీ మేస్త్రీ, ఉద్యోగం పోతే మూడు నెలల్లో ఇంటి ఈఎంఐ తప్పే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈ విషయంలో ఒకే వైపున ఉన్నారు.

జీతగాడి ఫిర్యాదులో న్యాయం లేదని నేననను. వేలు చూపే దిక్కు తప్పు. కొత్త విధానంలో ఏడాది జీతం 24.75 లక్షలు దాటితే ఆపై ప్రతి రూపాయి మీద 30 శాతం పన్ను. ఏడాదికి పైగా ఉంచుకున్న లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో నమోదైన) షేర్లను అమ్మితే, 1.25 లక్షల పైన వచ్చిన లాభం కోట్లలో ఉన్నా మూల రేటు (సర్‌చార్జి, సెస్సు కలపకుండా) 12.5 శాతమే. వారసత్వ ఆస్తి మీద ఉండిన ఎస్టేట్ సుంకం 1985లో పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. చెమటోడ్చి సంపాదించిన జీతంకన్నా, పెరిగిన ఆస్తి తక్కువ రేటుకు తప్పుకుంటున్న చోటును వదిలి కూలీ వైపు చూడటం దేనికి?

చివరగా, మన జీతపు స్లిప్పుల్లోనే ఉన్న ఒక వరుస. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నెల జీతం 20 వేలు దాటితే వృత్తి పన్ను నెలకు 200 రూపాయలు, ఆపైన జీతం ఎంతైనా అంతే. రాజ్యాంగం 276వ అధికరణం ఈ పన్నుకు ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. 21 వేల జీతగాడైన సెక్యూరిటీ గార్డు నూరు రూపాయలకు 95 పైసలు కడుతుంటే, అదే భవనంలో 5 లక్షల జీతం తీసుకునే మేనేజరు నూరుకు 4 పైసలు కడుతున్నాడు. సందేశం లెక్కలో ఆ గార్డు పన్ను కట్టనివాడు.