ఆ 30 లక్షలు ఎవరు చెప్పారు?

ఎంబీఏ ఫైనాన్స్ ప్రశ్నపత్రాల్లో తరచూ కనిపించే లెక్క ఒకటుంది. ప్రాజెక్టు వ్యయం 100 లక్షలు, ఐదేళ్లపాటు ఏటా చేతికందే నగదు 30 లక్షలు, డిస్కౌంటు రేటు (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు) 12 శాతం. నికర ప్రస్తుత విలువ, అంటే రాబోయే నగదు నేటి విలువలోంచి వ్యయం తీసేస్తే మిగిలేది కట్టి, పెట్టుబడి పెట్టవచ్చో లేదో తేల్చమంటారు. ఏటా ఒక రూపాయి చొప్పున ఐదేళ్లు వస్తే దాని నేటి విలువ ఎంతో చూపే పట్టికలోని 3.605తో 30ని హెచ్చవేస్తే 108 లక్షల పైచిలుకు వస్తుంది. మిగులు ఎనిమిది లక్షలు కనుక పెట్టవచ్చని రాస్తే మార్కులు పడిపోతాయి; క్యాలిక్యులేటర్ మొరాయిస్తే తప్ప ఇందులో కష్టమేమీ లేదు. అయితే ఏటా వచ్చేది 27 లక్షలే అయిన పక్షంలో అదే ప్రాజెక్టు రెండున్నర లక్షలకు పైగా లోటులో పడుతుంది. పది శాతం తేడాతో నిర్ణయమే తలకిందులయ్యే ఈ లెక్కలో, ఆ 30 లక్షల అంకె ఎవరు, దేన్ని నమ్మి వేశారన్నది మాత్రం ఎవరూ అడగరు. మేనేజరు పని మొదలయ్యేదే అక్కడ.

కృష్ణా గోదావరి బేసిన్‌లోని డి6 సహజవాయు క్షేత్రంలో 2009లో ఉత్పత్తి మొదలైనప్పుడు, ఆ గ్యాస్ పుష్కలంగా అందుతుందన్న ఆశతో రాష్ట్రంలో ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు విస్తరించాయి. విజయవాడ పక్కన కొండపల్లిలోని ల్యాంకో కేంద్రం వాటిలో ఒకటి. ఉత్పత్తి ఏటికేడు పడిపోవడంతో యంత్రాలు ఇంధనం లేక ఆగాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. వడ్డీపై పన్ను మినహాయింపు ఉంటుంది కనుక అప్పు చవకన్నది ఆర్థికవేత్తలు మోదిగ్లియానీ, మిల్లర్ల పేరిట తరగతిలో చెప్పే పాఠం. పన్ను కట్టేంత లాభమే లేనప్పుడు ఆ మినహాయింపుతో ఏం చేసుకోవాలి? బొగ్గు, సౌర విద్యుత్, రోడ్ల దాకా అప్పులతో విస్తరించిన మాతృసంస్థ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్, రిజర్వు బ్యాంకు 2017లో దివాలా ప్రక్రియకు పంపమన్న తొలి 12 భారీ ఖాతాల్లో చేరింది.

తెలుగు విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి పాఠం హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్. అయినా మన తరగతి గదుల్లో దాన్ని ఎక్కువగా నీతిపాఠంగా చెప్పి వదిలేస్తున్నారు తప్ప, లెక్కగా చేయించడం లేదన్నది మా ఫిర్యాదు. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన స్థిరాస్తి సంస్థ మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, నిర్మాణ సంస్థ మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను మొత్తం 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించి, మదుపరులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. సాఫ్ట్‌వేర్ వ్యాపారంలోని నష్టభయాన్ని భూములతో సమతూకం చేయడమే ఉద్దేశమైతే, స్టాక్ మార్కెట్లో దొరుకుతున్న మేటాస్ ఇన్‌ఫ్రా షేరును వాటాదారే నేరుగా కొనుక్కోగలడు. అతని తరఫున కంపెనీ అధిక ధర పెట్టడం దేనికి? అంతకుముందే అడగాల్సిన ప్రశ్న మరొకటి. వేల కోట్లు బ్యాంకులో మూలుగుతున్నాయని చెబుతున్న కంపెనీ, డిపాజిట్ వడ్డీతో ఎందుకు సరిపెట్టుకుంటోంది, వాటాదారులకు ఎందుకు పంచడం లేదు? ఆ జవాబు 2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో దొరికింది: సెప్టెంబరు చివరికి చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే. మేటాస్ కొనుగోలు, లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను నింపే చివరి ప్రయత్నమని కూడా ఆ లేఖే ఒప్పుకుంది. హార్వర్డ్ ఆచార్యుడు, హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ డీన్ కూర్చున్న బోర్డు అది. సూత్రాలు తెలియక జరిగిందని ఎలా అంటాం?

ముందు లెక్క కట్టడం రావాలి కదా అని అధ్యాపకులు అంటారు. నిజమే, రావాలి. కానీ కంప్యూటర్ క్షణంలో కట్టిపెట్టే లెక్కకే పీజీ స్థాయిలో మార్కులన్నీ ధారపోయనక్కర్లేదు. వాటిలో సగమైనా వేరే పరీక్షకు కేటాయించాలి. నమోదిత కంపెనీల వార్షిక నివేదికలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఒక్కో విద్యార్థికి ఒక్కో కంపెనీ ఇచ్చి, నగదు రాబడి అంచనాలు ఇవ్వకుండా, వచ్చే ఐదేళ్లవి తననే వేయమనాలి. ప్రతి అంకె పక్కన దాన్ని ఎందుకు నమ్మాడో ఒక వాక్యం రాయించి, ఆ కాగితం ముందు పెట్టుకుని పది నిమిషాలు మౌఖికంగా ప్రశ్నించాలి.