‘మా నాన్న రైతు’ పూర్తి వాక్యమే

వారం రోజులుగా ఒకే సందేశం. మొదట కాలేజీనాటి స్నేహితుడు పంపాడు, ఆ తర్వాత మా పెద్దమ్మగారి అబ్బాయి, నిన్న రాత్రి అపార్ట్‌మెంటు గ్రూపులో ఇంకెవరో. ‘విధేయం అసలు అర్థం’ అని పేరు. (వాక్యం దేన్ని గురించో అది ఉద్దేశ్యం, దాన్ని గురించి చెప్పే మాట విధేయం.) పిల్లలున్న ప్రతి ఇంటికీ చేర్చాలట. అందులో చెప్పినవి ఐదు. విధేయం అంటే వాక్యంలోని క్రియ. కర్తకు లొంగి ఉంటుంది కనుక దానికా పేరు. ఉద్దేశ్యం అన్నా కర్త అన్నా ఒకటే. ‘నా ఉద్దేశ్యం’ అని రాసేవారికి తెలుగు రాదు. చివరిది, ఇంగ్లీషులోని ‘ఈజ్’ తెలుగులో లేదు కనుక మన వాక్యంలో విధేయం సగమే ఉంటుంది, అందువల్ల తర్కమూ గణితమూ తెలుగులో నేర్పితే పిల్లల ఆలోచన కుంటుపడుతుంది.

మొదటి నాలుగే అయితే ఊరుకునేవాణ్ణి. కానీ మా వీధిలో ఆరో తరగతి చదివే అమ్మాయి మొన్న తన పరీక్ష కాగితం తెచ్చి చూపించింది. సొంత వాక్యం రాయమంటే ‘మా నాన్న రైతు’ అని రాసింది. పక్కన ఎర్ర సిరాతో ‘క్రియ లేదు, వాక్యం కాదు’ అని ఉంది. ఒక మార్కు పోయింది. “మరి ఎలా రాయాలి, పెదనాన్నా?” అని అడిగింది. ఇంకెలా రాస్తుంది? ‘మా నాన్న రైతుగా ఉన్నాడు’ అంటే ప్రస్తుతానికి ఆ పని చేస్తున్నాడనే అర్థం తోస్తుంది. ఆ పిల్ల చెప్పదలచుకున్నది అది కాదు.

ఉద్దేశం, ఉద్దేశ్యం సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఉద్దేశం మనసులోది. ఉద్దేశ్యం వాక్యంలోది, అంటే మనం దేన్ని గురించి చెబుతున్నామో అది. ఒకదానికి బదులు ఇంకొకటి రాయడం పొరపాటే. అంతమాత్రాన తెలుగు రాదనడం పొగరు.

కర్త, ఉద్దేశ్యం ఒకటే అన్నదీ నిలవదు. ‘రావణుడు రాముని చేత చంపబడ్డాడు.’ ఈ వాక్యం రావణుణ్ణి గురించినది, కాబట్టి ఉద్దేశ్యం రావణుడు. చంపిన కర్త రాముడు. ఇది బడిపిల్లలకు తెలిసిన ఉదాహరణే.

‘లొంగి ఉండేది’ అన్న వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది, అందుకే ఇన్ని చేతులు మారింది. విధి, విధానం, విధాత, విధేయం, వీటన్నిటికీ మూలం ‘వి’ ఉపసర్గతో కూడిన ‘ధా’ ధాతువు. విధించదగినది విధేయం. ఉద్దేశ్యాన్ని గురించి కొత్తగా ఏది స్థాపిస్తున్నామో అది వాక్యంలో విధేయం. ఎవరికి ఆజ్ఞ విధించవచ్చో అతడూ విధేయుడే. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘విధేయో వినయగ్రాహీ’, చెప్పినమాట వినేవాడు విధేయుడు, అన్నది ఈ రెండో అర్థంలోనే. ఉత్తరం చివర ‘మీ విధేయుడు’ అని రాసేదీ ఇదే. రెండర్థాలూ ఒకే వేరు నుంచి చీలిన కొమ్మలు. వాక్యంలోని విధేయం ఎవరికీ లొంగి లేదు. నిజానికి వాక్యం పుట్టేదే దానికోసం.

ఇక విధేయం అంటే క్రియ అన్న మాట. వేదవాక్యాల అర్థాన్ని తరచి చూసే మీమాంసకులు శతాబ్దాల క్రితమే ‘దధ్నా జుహోతి’, పెరుగుతో హోమం చేయాలి, అన్న వాక్యాన్ని చర్చించారు. హోమం చేయాలని వేరే వాక్యం ముందే చెప్పింది. కాబట్టి ఇక్కడ ‘జుహోతి’ అన్న క్రియ తెలిసిన సంగతిని మళ్ళీ అనడమే, వారి మాటలో అనువాదం. కొత్తగా విధించినది పెరుగు. అంటే క్రియాపదం కళ్ళెదుట ఉన్నా విధేయం నామపదమే అయింది. మనకూ ఇది రోజూ ఎదురయ్యేదే. ‘అన్నం వండింది ఎవరు?’ అని అడిగితే ‘వండింది అక్క’ అంటాం. వండడం తెలిసిందే, అక్క అన్నదే కొత్త. ఉద్దేశ్యం చెప్పకుండా విధేయం పలకకూడదని శాస్త్రంలో ఒక నియమమే ఉంది. విధేయాన్ని ప్రధానంగా కనిపించనివ్వకపోతే అలంకారశాస్త్రకారుడు మమ్మటుడు దాన్ని కావ్యదోషాల్లో చేర్చాడు. ఇంత లోతుగా తరచిన మాటను ‘క్రియ’ అన్న రెండక్షరాలకు కుదించి ఊరంతా పంచడానికి చేతులెలా వచ్చాయి?

ఇప్పుడు ఐదోది. ‘ఈజ్’ లేకపోతే తర్కం లేదట! ‘ప్రజ్ఞానం బ్రహ్మ’ అన్న మహావాక్యంలో క్రియాపదం ఎక్కడుంది? అదీ సగం వాక్యమేనా? రష్యన్‌లో ‘ఆయన వైద్యుడు’ అనడానికి రెండే మాటలు, మనకు లాగే. అరబ్బీలోనూ అంతే. ఆ భాషల వాళ్ళు గణితం మానుకున్నారా? అసలు నేటి తర్కశాస్త్రమే ‘ఈజ్’ను వదిలేసింది. 1879లో జర్మన్ తర్కవేత్త ఫ్రేగే తన కొత్త సంకేతలిపిలో ఉద్దేశ్య విధేయాల పాత విభజననే పక్కన పెట్టి, గణితంలోని ప్రమేయం (ఫంక్షన్) లాగా వాక్యాన్ని విడదీశాడు. అందులో ‘ఈజ్’కు చోటే లేదు. 1919లో ఇంగ్లీషు తత్త్వవేత్త రసెల్ ఇంకా కటువుగా మాట్లాడాడు. గుణాన్ని చెప్పడానికీ, ఇది అదే అని చెప్పడానికీ ఒకే ‘ఈజ్’ను వాడుకోవడం మానవజాతికి సిగ్గుచేటన్నాడు. ఆ ఇంగ్లీషువాడు సిగ్గుపడిన మాట మనకు లేదని ఇక్కడ మనవాళ్ళు కుమిలిపోతున్నారు.

తెలుగు వాక్యం బోసిగా ఉందనేవారు ‘నువ్వు మంచివాడివి’, ‘మేము పేదవాళ్ళం’ అన్న వాక్యాలు ఎన్నడూ పలకలేదా? ఆ ‘వి’, ఆ ‘అం’ చేస్తున్న పని ఏమిటి? నామపదమే పురుషనూ వచనాన్నీ మోస్తూ విధేయంగా నిలబడుతోంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. మన తర్కమైన న్యాయశాస్త్రంలో అభావాలను, అంటే లేకపోవడాలను, విడదీసి చెబుతారు. ‘నేలమీద కుండ లేదు’ అనేది అత్యంతాభావం, ఒకచోట ఒకటి లేకపోవడం. ‘కుండ గుడ్డ కాదు’ అనేది అన్యోన్యాభావం, ఒకటి ఇంకొకటి కాకపోవడం. సంస్కృతంలో రెండింటికీ ‘న’ అనే వాడాలి, ఇంగ్లీషులో రెండింటికీ ‘ఈజ్ నాట్’. తెలుగులో ఆ భేదం మాటల్లోనే ఉంది: ఒకటి ‘లేదు’, ఇంకొకటి ‘కాదు’. చీకట్లో తాడును చూసి భయపడిన పిల్లవాడికి ‘అది పాము కాదు’ అంటాం. వెతికి వచ్చాక ‘అక్కడ పాము లేదు’ అంటాం. మూడేళ్ళ పిల్ల కూడా ఈ రెండింటినీ కలగాపులగం చేయదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. దేశమంతటా తర్కంలో తొలిపాఠం ఆయన పుస్తకంతోనే మొదలవుతుంది. ఆయన ఇంటిభాషను తర్కానికి పనికిరాదంటున్నారు!

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఐదూ అయ్యాక సందేశం కింద, తెలుగు వాక్యంలో ఉద్దేశ్యం ఎక్కడ ముగిసిందో రాతలో తెలియదని ఒక ఉదాహరణ ఇచ్చారు. అది నిజం. ‘మా మాస్టారి అబ్బాయి డాక్టర్ రవి’ అన్నది చదవండి. అది పూర్తి వాక్యమా, లేక ‘నిన్న వచ్చాడు’ అని ఇంకేదైనా రావలసి ఉందా? మాట్లాడేటప్పుడు గొంతు ఆగే చోటు చెబుతుంది, కాగితం చెప్పదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కామా కొంత సాయం చేస్తుంది. ఈ ఇబ్బందిని బడిలో ఎవరూ ఎత్తి చూపరు, కర్త, కర్మ, క్రియ అని మూడు గళ్ళు గీసి వదిలేస్తారు. ఆ మూడు గళ్ళలో పట్టకే ఆ అమ్మాయి వాక్యానికి ఎర్ర సిరా పడింది.

సోమవారం వాళ్ళ నాన్నతో కలిసి బడికి వెళ్తున్నాను. ఆ ఒక్క మార్కూ తిరిగి ఇమ్మని అడుగుతాను.