బాలింత పథ్యం గారికి ఒక బాలింత విన్నపం

కందుకూరు,
వంటింటి గడప దగ్గర నుంచి.

మహారాజశ్రీ బాలింత పథ్యం గారి సముఖానికి,

మా ఇంట్లో మీ ఏలుబడి ఎప్పుడు మొదలైందో మా జేజికి కూడా తెలియదు. 2022లో మా కందుకూరును ప్రకాశం జిల్లా నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు బోర్డులు మారాయి, కాగితాల మీద చిరునామాలు మారాయి. మీ నిబంధనల్లో మాత్రం ఒక్క అక్షరం చెదరలేదు. వంకాయ కూడదు, గుమ్మడికాయ కూడదు, గోంగూర మాట ఎత్తకూడదు, చలువ చేస్తుంది గనుక పెరుగు కూడదు, గొంతు ఎండిపోయినా మంచినీళ్లు రెండు గుక్కలకు మించకూడదు. మా పిల్లది పుట్టిన మరునాడు మా అత్తమ్మ ఇదంతా ఏకరువు పెడుతుంటే, ఇన్ని కూడనివి తెలిసిన మీకు నాకు నిజంగా కూడనిది ఒక్కటైనా తెలిసే ఉంటుందని ఆశపడ్డాను.

నాకు సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులో పడితే, నా ఒళ్లు నా చిన్నపేగు మీదే తిరగబడుతుంది. తిన్నదాన్ని ఒంటికి పట్టించవలసిన నూగు లాంటి పొర అరిగిపోతుంది. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఐరన్ మాత్రలు మింగినా రక్తం పట్టకపోతే, చెన్నైలో ఒక డాక్టరు గారు టీటీజీ అనే రక్తపరీక్ష, ఆ తరువాత ఎండోస్కోపీ చేయించి సంగతి తేల్చారు. జన్మంతా గ్లూటెన్ మానడం తప్ప దీనికి వేరే వైద్యం లేదు. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం మీద డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు 1950లోనే సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. ఆ కబురు మీ దాకా రాలేదంటే మిమ్మల్ని పూర్తిగా తప్పుపట్టను. వరి తినే మన వైపు ఈ జబ్బు పేరు విన్నవాళ్లే తక్కువ.

అయితే మొలగొలుకుల బియ్యానికి పేరుమోసిన నెల్లూరు వైపు ఉంటూ, బాలింతకు కావలసిన బలమంతా గోధుమలోనే ఉందని మీకు ఎవరు చెప్పారో నాకు అంతుపట్టదు. ఆసుపత్రిలో మీ పేరు చెప్పి నా ముందుకు వచ్చిన మొదటి ఆహారం పాలలో ముంచిన బ్రెడ్డు. వద్దంటే రస్కు వచ్చింది. అదీ వద్దంటే, మా చిన్నమామ నెల్లూరు నుంచి పెద్ద సీసాడు బలం పొడి పట్టుకొచ్చారు. దానిలో బార్లీ మాల్టు ఒక దినుసు, పాలపొడి ఇంకొకటి. ఆ పాలపొడి గొప్పతనం నాకు అప్పటికి తెలియదు, నెల తరువాత తెలిసింది. "గోధుమ రవ్వ ఉప్మా రవ్వంత తింటే ఏమైపోద్దమ్మా" అని మా జేజి మీ తరఫున వకాల్తా పుచ్చుకుంది. ఎదురు చెప్పి ఎదురు చెప్పి, చివరికి అన్నం, బీరకాయ, వెల్లుల్లి కారం మీద రాజీ కుదిరింది.

అయినా కడుపు ఉబ్బరం తగ్గలేదు, నీళ్ల విరేచనాలు ఆగలేదు, కూర్చుంటే లేవలేని నీరసం. పురుటి నీరసమని అందరూ సరిపెట్టారు. పన్నెండో రోజు రాత్రి పిల్లకు పాలిచ్చి పడుకోబెట్టి, వంటింట్లోకి వెళ్లి, పోపులపెట్టె పక్కనున్న ఇంగువ డబ్బాను ఫోను వెలుతురులో తిప్పి చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమ పిండి, తినే బంక, ఆ తరువాత ఇంగువ. అంటే వాయువు చేయకుండా ప్రతి ముద్దలోనూ ఇంగువ పడాలన్న మీ ఆజ్ఞ ప్రకారం, పూటకు చిటికెడు గోధుమపిండిని నేతిలో వేయించి మరీ నాకు తినిపిస్తున్నారన్న మాట. అంగట్లో దొరికే ఇంగువ చాలామటుకు పిండి కలిపినదే. కొందరు బియ్యప్పిండి కలుపుతారు, అది డబ్బా చదివితే గాని తెలియదు. చిటికెడే కదా అని మీరు నవ్వవచ్చు. ఒక వస్తువు గ్లూటెన్ లేనిదని ముద్ర వేసుకోవాలంటే, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశపు నిబంధన. మీ చిటికెడు ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతుందో సెలవివ్వండి.

ఇక పిల్లదాని సంగతి. ఐదో వారంలో ఒక ఉదయం గుడ్డ విప్పితే, పసుపు విరేచనంలో జిగురు, ఆ జిగురులో ఎర్రదారపు పోగు లాంటి నెత్తురు చార. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మీ న్యాయస్థానం మాత్రం అరగంటలో తీర్పు చెప్పింది: తల్లి జబ్బు పాలలోకి దిగింది, తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు పట్టాలి.

పిల్లల డాక్టరు గారు పిల్లను తూచి, బరువు చక్కగా పెరుగుతున్నదని చూసి, వేరే కారణాలేమీ లేవని పరీక్షించాక చెప్పింది వేరు. సీలియాక్ పాల ద్వారా సంక్రమించేది కాదు; వస్తే రక్తసంబంధం వల్ల రావాలి, తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి పది. ఈ నెత్తురు చారకు కారణం అది కాదు. నేను తాగిన పాలలోని మాంసకృత్తులు రవ్వంత నా పాలలోకి దిగి, పిల్ల పేగుకు సరిపడటం లేదు. మానవలసింది నేను తాగే పాలనే గాని, పిల్ల తాగే పాలను కాదు. మామూలు డబ్బాపాలు ఆవుపాలతోనే తయారవుతాయి గనుక, మీ తీర్పు అమలై ఉంటే మంట మీద నెయ్యి పోసినట్లే.

ఇంటికి వచ్చి చెప్తే మా అత్తమ్మ తేలిగ్గా నిట్టూర్చింది: "ఆవుపాలేగా, మనం తాగేది బర్రెపాలు." ఆ రెండిటి మాంసకృత్తులూ దగ్గరి చుట్టాలే, ఒకటి పడని పిల్లకు రెండోది కూడా పడదని ఒప్పించడానికి ఒక వారం పట్టింది. (మన ఒంగోలు జాతి పశువులు సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెలోర్ అన్న పేరుతో మందలు మందలుగా వర్ధిల్లుతున్నాయి, వాటి మీద నాకే అక్కసూ లేదు.) "పాలు తాగితేనే గదమ్మా పాలు పడేది" అన్నది మీ మూలసూత్రం. గడ్డి తినే బర్రెకు పాలు ఎలా పడుతున్నాయో ఆ సూత్రంలో ఎక్కడా వివరించలేదు. ఒక్కటి ఒప్పుకోవాలి: పెరుగు వద్దన్నారు చూడండి, దానితో పొరపాటున మేలే చేశారు.

పాలు, నెయ్యి మానిన మూడో వారానికి చార పోయింది. నిర్ధారణ కోసం డాక్టరు గారి మాట మీద రెండు చెంచాల పెరుగు తింటే మూడో రోజున మళ్లీ కనిపించింది. చాలామంది పిల్లలకు ఏడాది నిండేసరికి ఇది సర్దుకుంటుందట. సీలియాక్ వల్ల ముందే గుల్లబారే నా ఎముకలకు పాలు కూడా లేకపోతే ఎలాగని కాల్షియం మాత్రలతో పాటు రాగులు, నువ్వులు తినమన్నారు. రాగులను మరకు పంపితే, ముందు ఎవరిదో గోధుమపిండి పట్టిన రాళ్లలోనే పడతాయి గనుక ఇంట్లో మిక్సీకే వేస్తున్నాను. పాలసొర చేప పుట్టుకు అనుమతి ఇచ్చిన మీరు, ముల్లుతో సహా నమలగల నెత్తళ్ల చేపలకు ఎందుకు ఇవ్వలేదో కూడా తెలియజేయగలరు.

మీరు వినరని అనుకున్నాను గాని, విన్నారు. అదే ఇప్పుడు కొత్త చిక్కు. నా కోసం విడిగా కొన్న ఉదయగిరి చెక్క గరిటెకు మా అత్తమ్మ ఎర్రదారం కట్టి ఉంచింది, దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు. అంతటితో ఆగకుండా, పక్కింటి అమ్మాయి పోయిన వారం ప్రసవించి పుట్టింటికి వస్తే, ఏ జబ్బూ లేని ఆ పిల్లకు వంకాయ, గుమ్మడికాయ, గోంగూరతో పాటు గోధుమ, పాలు, ఇంగువ కూడా కూడవని చెప్పి వచ్చింది. నిన్న సాయంత్రం ఆ అమ్మాయి పిట్టగోడ మీదుగా, "అక్కా, ఒక చపాతీ తింటే ఏమన్నా అవుద్దా?" అని గుసగుసగా అడిగింది. రెండు తినమన్నాను, పైన ఒక గ్లాసు మజ్జిగ కూడా తాగమన్నాను. మీకు తెలియకుండా చెప్పడం మర్యాద కాదు గనుక ఈ లేఖ ద్వారా తెలియజేసుకుంటున్నాను.

ఇట్లు,
ఎర్రదారం గరిటె తాలూకు బాలింత